మోక్షగుండం విశ్వేశ్వరయ్య

కర్ణాటకలోని చిక్కబళ్ళాపురానికి దగ్గరలో, నందికొండల పాదాల చెంత ముద్దెనహళ్ళి అనే చిన్న గ్రామం ఉంది. 1861వ సంవత్సరం సెప్టెంబరు 15వ తేదీన ఆ గ్రామంలో విశ్వేశ్వరయ్య జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి, తల్లి వెంకటలక్ష్మమ్మ. శాస్త్రిగారు సంస్కృత పండితులు. ఆయుర్వేదం కూడా తెలిసినవారు. పాండిత్యమే తప్ప ఆస్తి అంతగా లేని కుటుంబం. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం నుండి కొన్ని తరాల కిందట మైసూరు సీమకు వలస వచ్చి స్థిరపడ్డారు. ఊరు మారినా ఆ ఊరిపేరు ఇంటిపేరుగా నిలిచిపోయింది. ఇంటిలో మాట్లాడేది తెలుగు, వీధిలో వినేది కన్నడం, తండ్రి చదివేది సంస్కృతం. ఇటువంటి ఇంటిలో పెరిగిన బాలుడు తరువాతి కాలంలో మైసూరు సంస్థానానికి దివాను అయ్యారు. కన్నడ సాహిత్య పరిషత్తు 1915లో ఏర్పడడానికి ఎంతో ప్రోత్సాహమిచ్చినవారు కూడా ఆయనే.

విశ్వేశ్వరయ్యకు పదిహేనేళ్ళు నిండకముందే తండ్రి మరణించారు. చిక్కబళ్ళాపురంలో ప్రాథమిక విద్య ముగించుకొని, పై చదువు కోసం బెంగుళూరులోని మేనమామ రామయ్యగారి పంచకు చేరారు. మేనమామది కూడా కలిగిన కుటుంబం కాదు. అందుచేత విశ్వేశ్వరయ్య ఒక కొడగు ఉద్యోగి పిల్లలకు పాఠాలు చెబుతూ, ఆ ఇంటనే ఉంటూ సెంట్రల్ కాలేజీలో చదువుకున్నారు. 1881లో బి.ఏ. పట్టా పొందారు. ఆయన ప్రతిభను గుర్తించిన మైసూరు ప్రభుత్వం ఉపకారవేతనమిచ్చి పూణెలోని సైన్సు కళాశాలకు పంపింది. 1883లో ఇంజనీరింగు పరీక్షలో బొంబాయి రాజధాని మొత్తానికి ప్రథముడుగా నెగ్గి, మరుసటి ఏడే ఆ ప్రభుత్వపు ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా చేరారు.

ఆ రోజులలో ఇంజనీరు ఉద్యోగమంటే గుఱ్ఱం మీద ఊరూరా తిరగడం, కొలతలు తీయడం, కాలువల గట్ల మీద డేరాలలో నిద్రించడం. నాసిక్‌లోనూ ఖాందేశ్‌లోనూ పనిచేసిన తరువాత ఆయనకు సింధు రాష్ట్రంలోని సుక్కూరు పట్టణానికి మంచినీటిని అందించే పని అప్పగించారు. ఇది 1894 నాటి మాట. సుక్కూరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్నది. పట్టణం పక్కనే సింధునది పారుతున్నా, ఆ నీరు ఒండ్రుమట్టితో కలిసి త్రాగడానికి పనికివచ్చేది కాదు. నీటిని వడగట్టే తొట్లు కట్టడానికి పురపాలక సంఘం దగ్గర డబ్బు లేదు. విశ్వేశ్వరయ్య నదిగర్భంలోనే, ఒడ్డుకు సమీపంగా ఒక బావి త్రవ్వించారు. నదినీరు ఇసుక పొరల గుండా ఊరి ఆ బావిలోకి చేరేటప్పటికి తేటపడుతుంది. వడగట్టే పనిని నది ఇసుకే చేసిపెట్టింది. చేతిలో ఉన్నదానితో పని జరిగే మార్గం వెతకడం ఆయన జీవితమంతా కనిపించే గుణం.

తరువాత ఆయన పూణె ప్రాంతపు నీటిపారుదల పనులకు వచ్చారు. ఖడక్‌వాస్లా వద్ద ఉన్న ఫైఫ్ జలాశయంలో ప్రతి వర్షాకాలంలోనూ మిగులు నీరు కట్టమీదుగా పొంగి వృథాగా పోయేది. కట్టను ఎత్తు చేద్దామంటే పాత గోడ ఆ బరువును భరించలేదు. విశ్వేశ్వరయ్య అలుగు మీద తమంతతాము తెరుచుకొని, మూసుకొనే తలుపులను రూపొందించారు. నీరు ఒక మట్టానికి వచ్చేవరకు ఆ తలుపులు మూసి ఉంటాయి. వరద వచ్చి ఆ మట్టం దాటగానే ఎవరూ తాకకుండానే లేచి నీటిని వదులుతాయి. వరద తగ్గగానే మళ్ళీ దిగుతాయి. 1903లో అమర్చిన ఈ తలుపుల వలన పాత కట్టలోనే ఎనిమిది అడుగుల నీరు అదనంగా నిలిచింది. తరువాత గ్వాలియరు దగ్గరి టిగ్రా ఆనకట్టకూ, కృష్ణరాజసాగరానికీ ఇటువంటి తలుపులనే ఉపయోగించారు.

తలుపుల కంటె కష్టమైన పని రైతులతో వచ్చింది. నీరా కాలువ కింద చెరకు పండించే రైతులు తమకు వీలైనంత నీరు వాడుకొనేవారు. కాలువ చివరనున్న పొలాలకు నీరు అందేది కాదు. పైభాగంలోని పొలాలు నీరు నిలిచి చవుడు తేలసాగాయి. విశ్వేశ్వరయ్య భూములను ఖండాలుగా విభజించి, ప్రతి ఖండంలోనూ కొంత భాగంలో మాత్రమే చెరకు, మిగిలిన భాగంలో తక్కువ నీటితో పండే పైరులు వంతులవారీగా వేసే పద్ధతిని ప్రతిపాదించారు. మొదట రైతులు తీవ్రంగా వ్యతిరేకించారు. తమ నీటిని ఎవరో లాక్కుపోతున్నారని భావించారు. ఆయన ఊళ్ళకు వెళ్ళి, వారితో కూర్చుని, లెక్కలు చెప్పి ఒప్పించారు. కాలువ నీరు పైవాడిదీ కాదు, కిందివాడిదీ కాదు, ఇద్దరిదీ. చెప్పడానికి ఇది సులభమే. నీరు తన పొలం పక్కనుండి పారుతూ ఉంటే ఒప్పుకోవడం ఎంత కష్టమో కాలువ కింద సేద్యం చేసిన ప్రతి కుటుంబానికీ తెలుసు.

పూణెలో ఉన్నప్పుడే విశ్వేశ్వరయ్యకు మహాదేవ గోవింద రానడే, గోపాలకృష్ణ గోఖలే వంటి పెద్దలతో పరిచయం కలిగింది. ఈ దేశం ఎందుకు పేదదయింది, దానిని ఎలా బాగుచేయాలి అన్నవి వారి సంభాషణలలో తరచు వచ్చే ప్రశ్నలు. 1898లో సెలవు పెట్టి ఆయన జపాను వెళ్ళారు. ముప్పయి ఏళ్ళ కిందటి వరకు పాత పద్ధతులలో మునిగి ఉన్న ఆ దేశం, పిల్లలందరినీ బడికి పంపి, కర్మాగారాలు నెలకొల్పి, ఎవరి సాయం కోసమూ చేయి చాచకుండా నిలబడడం ఆయన కళ్ళారా చూశారు. అక్కడ చూసినదంతా వివరంగా వ్రాసుకున్నారు. ఆ తరువాత ఆయన చేసిన ప్రతి ప్రతిపాదనలోనూ ఏదో ఒక రూపంలో ఆ ప్రయాణం కనిపిస్తుంది.

1906లో ఏడెను నగరానికి వెళ్ళి అక్కడి నీటి సరఫరా, మురుగునీటి ఏర్పాట్లపై సలహాలిచ్చారు. ఇంత చేసినా, బొంబాయి ప్రభుత్వంలో ఒక భారతీయుడు చీఫ్ ఇంజనీరు పదవికి ఎదగడం ఆనాడు జరిగే పని కాదు. అది గ్రహించిన విశ్వేశ్వరయ్య, ఇంకా ఏళ్ళ తరబడి ఉద్యోగకాలం ఉండగానే 1908లో స్వచ్ఛందంగా తప్పుకొని, విదేశీ పర్యటనకు బయలుదేరారు.

ఆయన విదేశాలలో ఉండగానే హైదరాబాదుకు పెద్ద విపత్తు వచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలాది మంది మరణించారు. వంతెనలు, ఆసుపత్రి, వేలకొద్దీ ఇళ్ళు కొట్టుకుపోయాయి. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది వరకు ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికీ ఉంది. నగరాన్ని తిరిగి నిర్మించడానికీ, మళ్ళీ ఇటువంటి ముప్పు రాకుండా చూడడానికీ నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. 1909లో ఆయన వచ్చి పని మొదలుపెట్టారు.

ఆయన మొదట చూసినది నగరాన్ని కాదు, నగరానికి పైనున్న పల్లెలను. మూసీ పరీవాహక ప్రాంతంలో ఏడు వందలకు పైగా చెరువులున్నాయనీ, ఆ రోజు కురిసిన వర్షానికి వాటిలో రెండు వందలకు పైగా తెగిపోయాయనీ లెక్క తేలింది. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడడం, ఆ రెండూ కలిసి మూడవదాని మీద పడడం, అలా నీరు గోడలా నగరం మీదికి వచ్చిందన్నమాట. అందుచేత నగరంలో గట్లు ఎత్తు చేసినంత మాత్రాన లాభం లేదని, మూసీ మీదా, దానిలో కలిసే ఈసీ మీదా ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టాలని ఆయన సూచించారు. అలా ఏర్పడినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపే ఆనకట్టలే నగరానికి త్రాగునీరు కూడా ఇచ్చాయి. హైదరాబాదుకు భూగర్భ మురుగు కాలువల పథకం రూపొందించినది కూడా విశ్వేశ్వరయ్యే. ఆ జలాశయాల చుట్టూ కట్టడాలు లేవకుండా 1996లో ప్రభుత్వం ఆంక్షలు విధించింది. 2022లో వాటిని ఎత్తివేయాలన్న నిర్ణయం మీద చాలా చర్చ జరిగింది.

1909 నవంబరులో మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు కోరికపై విశ్వేశ్వరయ్య ఆ సంస్థానానికి చీఫ్ ఇంజనీరుగా వచ్చారు. కావేరి మీద కన్నంబాడి గ్రామం దగ్గర పెద్ద ఆనకట్ట నిర్మించాలన్నది ఆయన పథకం. అప్పటికే శివసముద్రం వద్ద కావేరి జలపాతం నుండి విద్యుచ్ఛక్తి తయారుచేసి కోలారు బంగారు గనులకు పంపుతున్నారు. వేసవిలో నదిలో నీరు తగ్గితే విద్యుత్తూ తగ్గేది. ఆనకట్ట కడితే ఏడాది పొడవునా విద్యుత్తు వస్తుంది, మండ్య ప్రాంతంలో వానను నమ్ముకున్న లక్షకు పైగా ఎకరాలకు నీరూ అందుతుంది. అంచనా ఖర్చు రెండున్నర కోట్ల రూపాయలకు పైమాటే. ఆనాటి మైసూరు ఆదాయానికి అది పెద్ద బరువు. ఆర్థికశాఖ వెనుకాడింది. చివరకు మహారాజు ధైర్యం చేసి అనుమతించగా 1911లో పని ప్రారంభమైంది.

అంతలో దిగువనున్న మద్రాసు ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది. తంజావూరు డెల్టాలో అనాది నుండి కావేరి నీటితో సేద్యం చేస్తున్న రైతుల భయం అది. ఆ భయాన్ని కాదనలేము. ఎగువవారి అవసరాన్నీ కాదనలేము. మొదట తక్కువ ఎత్తుకు మాత్రమే అనుమతి దొరికింది. ఏనాటికైనా పూర్తి ఎత్తుకు ఒప్పందం కుదురుతుందన్న నమ్మకంతో విశ్వేశ్వరయ్య పునాదిని మాత్రం 124 అడుగుల కట్టకు సరిపోయేటట్లు వెడల్పుగా వేయించారు. ఒప్పందం కుదరకపోతే ఆ ఖర్చంతా వృథా అయ్యేది. 1914లో మధ్యవర్తి తీర్పు, దానిపై మళ్ళీ వివాదం, ఎట్టకేలకు 1924లో రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం జరిగాయి. సిమెంటుకు బదులు సున్నంలో ఇటుకపొడి కలిపిన సుర్కీతోనే ఆ రాతికట్టను లేపారు. విశ్వేశ్వరయ్య పదవి వదిలిన పదమూడేళ్ళకు గాని పని ముగియలేదు. కన్నంబాడి గ్రామమూ, చుట్టుపక్కల మరికొన్ని ఊళ్ళూ నీట మునిగాయి. మండ్యలో చెరకు తోటలు పచ్చగా పెరగడానికి ఎక్కడో కొందరు పుట్టిన ఊరిని వదలవలసి వచ్చింది. కృష్ణరాజసాగరం గురించి చెప్పుకొనేటప్పుడు వారినీ తలచుకోవాలి.

1912లో మహారాజు విశ్వేశ్వరయ్యను దివానుగా నియమించారు. పదవి స్వీకరించేముందు ఆయన బంధువులందరినీ పిలిచి, ఉద్యోగాల కోసం గాని మరే లాభం కోసం గాని తనను అడగబోమని మాట ఇస్తేనే ఒప్పుకుంటానని చెప్పారట. తల్లి కూడా ఆ మాటకు సమ్మతించారని చెప్పుకుంటారు. విశ్వేశ్వరయ్య నిజాయితీని గురించి ఇటువంటి కథలు ఎన్నో ప్రచారంలో ఉన్నాయి. అవి లేకపోయినా ఆ ఆరేళ్ళలో ఆయన చేసిన పనులే సరిపోతాయి.

దేశంలోని పిల్లలందరికీ నిర్బంధ విద్య కావాలని గోఖలే 1911లో కేంద్ర శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టగా, మరుసటి ఏడు అది వీగిపోయింది. 1913లో మైసూరు సంస్థానం ఎంపిక చేసిన ప్రాంతాలలో నిర్బంధ ప్రాథమిక విద్యకు చట్టం చేసింది. విశ్వేశ్వరయ్య దివానుగా ఉన్న కాలంలో పాఠశాలల సంఖ్యా, చదివే పిల్లల సంఖ్యా రెట్టింపుకు మించి పెరిగాయి. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. స్వదేశీ సంస్థానాలలో అదే మొదటి విశ్వవిద్యాలయం. దాని రూపకల్పనలో విశ్వేశ్వరయ్యకు తోడుగా నిలిచినవారిలో కట్టమంచి రామలింగారెడ్డి ఒకరు. చిత్తూరు సీమ నుండి వచ్చి మైసూరు విద్యాశాఖలో పనిచేసిన ఆయనే 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపాధ్యక్షులయ్యారు.

1913లో మైసూరు బ్యాంకు స్థాపించబడింది. (ఈ బ్యాంకు 2017లో భారతీయ స్టేటు బ్యాంకులో కలిసిపోయింది.) ప్రపంచయుద్ధం వచ్చి మైసూరు గంధపు చెక్కకు జర్మనీ మార్కెట్టు మూతపడినప్పుడు, చెక్కను అమ్ముకోవడం కాదు, నూనెనే ఇక్కడ తీద్దామని గంధపునూనె కర్మాగారం పెట్టించారు. ఆ నూనెతో సబ్బుల తయారీ మొదలయింది. హెబ్బాళలో వ్యవసాయ పాఠశాల, బెంగుళూరులో ఇంజనీరింగు కళాశాల, వర్తక సంఘం, ఇలా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. భద్రావతిలో ఇనుప కర్మాగారానికి పథకం వేసినదీ ఆ కాలంలోనే.

వీటన్నిటికంటె తక్కువగా చెప్పుకొనేదీ, ఎక్కువ శ్రద్ధతో గమనించవలసినదీ గ్రామాభివృద్ధి పథకం. చెరువు పూడిక తీయడం, బావులు శుభ్రం చేయడం, ఊరి దారి బాగుచేయడం వంటి పనులకు ప్రతి గ్రామంలోనూ ఒక సంఘం ఏర్పాటు చేసి, ఊరివారు వారానికి ఒక పూట శ్రమదానం చేయాలని ఆయన ఏర్పాటు చేశారు. ప్రభుత్వం సగం చేస్తుంది, ఊరు సగం చేయాలి. కొన్ని ఊళ్ళలో ఇది చక్కగా సాగింది. మరికొన్ని ఊళ్ళలో సంఘం కాగితం మీదనే మిగిలింది. మైసూరు ఆర్థిక సమావేశం అనే సంస్థ ద్వారా విద్య, వ్యవసాయం, పరిశ్రమలు అనే మూడు విషయాలలో అధికారులతోపాటు వర్తకులనూ, రైతులనూ కూర్చోబెట్టి చర్చలు జరిపించారు. దేశం సంగతి ప్రభుత్వం చూసుకుంటుందిలే అని ప్రజలు చేతులు ముడుచుకు కూర్చోవడం ఆయనకు ఎంతమాత్రం నచ్చేది కాదు. ఆలస్యంగా రావడం కూడా అంతే. సమయపాలన విషయంలో ఆయన దగ్గర పెద్దా చిన్నా తేడా లేదు.

ఇంత సాధించిన దివాను 1918 డిసెంబరులో పదవి నుండి తప్పుకున్నారు. దానికి కారణమైన వివాదాన్ని దాటవేయడం ఉచితం కాదు. మైసూరు ప్రభుత్వోద్యోగాలలో, ముఖ్యంగా పై పదవులలో అధిక భాగం జనాభాలో కొద్దిపాటిగా ఉన్న బ్రాహ్మణుల చేతిలో ఉండేది. మిగిలిన వర్గాలవారు 1917లో ప్రజామిత్ర మండలి స్థాపించి తమకు న్యాయమైన వాటా కావాలని అడిగారు. వారికి అండగా నిలిచినవారిలో కట్టమంచి రామలింగారెడ్డి ముఖ్యులు. మహారాజు 1918లో ప్రధాన న్యాయమూర్తి లెస్లీ మిల్లరు అధ్యక్షతన ఈ విషయం పరిశీలించడానికి ఒక సంఘాన్ని నియమించారు. విశ్వేశ్వరయ్య దీనికి సమ్మతించలేదు. ఉద్యోగానికి యోగ్యతే కొలబద్ద కావాలనీ, అందరికీ చదువు అందిస్తే కాలక్రమేణా ఈ వ్యత్యాసం దానంతటదే పోతుందనీ, వాటాలు వేస్తే పాలన దెబ్బతింటుందనీ ఆయన అభిప్రాయం. ఎదుటి పక్షం వాదం వేరు. చదువుకు దారి తరతరాలుగా మూసి ఉంచి, ఇప్పుడు యోగ్యత చూపించమంటే అది సమానమైన పోటీ కాదు, కాలక్రమేణా అంటే ఇంకెన్ని తరాలు అని వారు అడిగారు.

విశ్వవిద్యాలయం కోసం కలిసి పనిచేసిన ఇద్దరు తెలుగువారు ఈ విషయంలో చెరొక వైపున నిలిచారు. ఇద్దరూ మైసూరు మేలు కోరినవారే. బడులు పెంచి అన్ని వర్గాల పిల్లలకూ చదువు దారి వెడల్పు చేసిన ఘనత విశ్వేశ్వరయ్యకు దక్కుతుంది. అయితే ఆకలిగొన్నవాడిని పంట పండేవరకు ఆగమనడం ఎంతవరకు సబబు అన్న ప్రశ్నకు ఆయన దగ్గర తృప్తికరమైన సమాధానం లేదనే చెప్పాలి. మహారాజు మిల్లరు సంఘపు సూచనలను చాలావరకు అంగీకరించి 1921లో ఉత్తర్వులు జారీచేశారు. మన దేశంలో వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాలలో స్థానం కల్పించిన తొలి ప్రయత్నాలలో అది ఒకటి. స్వతంత్ర భారత రాజ్యాంగం కూడా తరువాత ఆ దారినే నడిచింది.

పదవి లేకపోయినా విశ్వేశ్వరయ్యకు పని తగ్గలేదు. దేశమంతటినీ ఒకటిగా చూసి ఆలోచించే తీరిక అప్పుడే దొరికింది. 1920లో భారత పునర్నిర్మాణం గురించి ఒక గ్రంథం వెలువరించారు. 1934లో భారతదేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ కావాలని మరొక గ్రంథం వ్రాశారు. పదేళ్ళలో దేశాదాయాన్ని రెట్టింపు చేయాలి, వ్యవసాయం మీద మాత్రమే ఆధారపడిన జనంలో కొంత భాగాన్ని పరిశ్రమలకు మళ్ళించాలి, అందుకు ముందుగా లెక్కలు సేకరించాలి అన్నది దాని సారాంశం. పంచవర్ష ప్రణాళికలు 1951లో మొదలయ్యాయి. అంతకు పదిహేడేళ్ళ ముందు వచ్చిన పుస్తకమిది.

విచిత్రమేమంటే, అదే 1934వ సంవత్సరం చివర గాంధీజీ అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘాన్ని స్థాపించారు. దేశాన్ని బాగుచేయడానికి ఇద్దరు పెద్దలు ఒకే ఏడు రెండు దారులు చూపించారన్నమాట. యంత్రం పదిమంది పనిని ఒకడి చేత చేయిస్తే మిగిలిన తొమ్మిది మంది గతి ఏమిటి, కోట్లాది చేతులకు పనిలేని దేశంలో రాట్నమూ గానుగా దంపుడు బియ్యమూ కాదా శరణ్యం అన్నది గాంధీజీ ఆలోచన. ఒక్కొక్క మనిషి తయారుచేసే వస్తువు పెరగనిదే ఒక్కొక్క మనిషి తినే తిండి పెరగదు, యంత్రాలను కాదన్న దేశం ఇతర దేశాల యంత్రాలకు బానిస అవుతుంది అన్నది విశ్వేశ్వరయ్య ఆలోచన. పెద్ద పరిశ్రమలు లేనిదే దేశానికి మనుగడ లేదని ఆయన ఎన్నోసార్లు హెచ్చరించారు. అయితే పల్లెలను ఆయన మరచిపోలేదు. కొన్ని గ్రామాలను ఒక జట్టుగా చేర్చి, చిన్న పరిశ్రమలు నెలకొల్పే పథకాన్ని ముసలితనంలో స్వయంగా తయారుచేసి ఇచ్చారు.

అభిప్రాయాలు కలవకపోయినా ఇద్దరి మధ్య గౌరవానికి లోటు రాలేదు. గాంధీజీ 1927లో అనారోగ్యంతో విశ్రాంతి తీసుకున్నది ముద్దెనహళ్ళి పక్కనున్న నందికొండ మీదనే. ఒరిస్సాలో మహానది వరదలు ఏటా ఊళ్ళను ముంచుతున్నప్పుడు, 1937లో గాంధీజీ కోరిక మీద విశ్వేశ్వరయ్య అక్కడికి వెళ్ళి పరిశీలించారు. డెల్టాలో గట్లు కట్టుకుంటూ పోవడం కంటె నది ఎగువన జలాశయాలు నిర్మించడం మేలని నివేదిక ఇచ్చారు. మూసీ దగ్గర నేర్చుకున్న పాఠమే ఇది. 1957లో పూర్తయిన హిరాకుడ్ ఆనకట్ట ఈ ఆలోచనకు కొనసాగింపు. వరద బాధితుల కోసం సాయమడిగినవారు రాట్నం పక్షం, సాయం చేసినవారు యంత్రం పక్షం!

భద్రావతి కర్మాగారం 1923లో ఇనుము తీయడం మొదలుపెట్టింది. యుద్ధం ముగిసి ఇనుము ధర పడిపోవడంతో ఆరంభంలోనే నష్టాలు వచ్చాయి. మైసూరు ప్రజల సొమ్మును అడవిలో పోశారని విమర్శలు చెలరేగాయి. కట్టించమన్నవారే వచ్చి నడిపించమని ప్రభుత్వం కోరగా, విశ్వేశ్వరయ్య 1923 నుండి 1929 వరకు దానికి అధ్యక్షులుగా ఉన్నారు. అరవై దాటిన వయసులో ఖర్చులు తగ్గించి, పనివారికి తర్ఫీదు ఇప్పించి కర్మాగారాన్ని గట్టెక్కించారు. తాను వేసిన పథకం కష్టాలలో పడ్డప్పుడు దానిని ఎవరి నెత్తినో వదిలి పోలేదు. ఆ సేవకు తనకు రావలసిన ప్రతిఫలాన్ని కూడా సొంతానికి వాడుకోకుండా యువకులకు వృత్తివిద్య నేర్పే సంస్థకు ఇచ్చారు. 1943లో బెంగుళూరులో ఏర్పడిన ఆ సంస్థకు తన పేరు కాక, మహారాజు జయచామరాజేంద్రుని పేరు పెట్టించారు.

మోటారు కార్లను మన దేశంలోనే తయారుచేయాలని 1935, 1936 సంవత్సరాలలో యూరపు, అమెరికాలు తిరిగి పథకం సిద్ధం చేశారు. అప్పటికి ఆయన వయసు డెబ్బయి అయిదు. పరాయి ప్రభుత్వం దానిని ముందుకు సాగనివ్వలేదు. 1941లో దేశంలోని ఉత్పత్తిదారులను ఒక చోటికి చేర్చి అఖిల భారత సంఘాన్ని నెలకొల్పారు. తొంభై దాటిన తరువాత బీహారులో మొకామా వద్ద గంగానది మీద వంతెన ఎక్కడ కట్టాలో నిర్ణయించే పనిని కూడా స్వీకరించారు. ఆ వంతెన 1959లో ప్రారంభమైంది. 1951లో తన ఉద్యోగ జీవిత జ్ఞాపకాలను గ్రంథంగా ప్రకటించారు. అందులో సొంత కష్టసుఖాల ప్రసక్తి దాదాపు లేదు. పేజీలన్నీ కాలువలు, అంచనాలు, నివేదికలతో నిండి ఉంటాయి.

1955లో భారత ప్రభుత్వం ఆయనకు భారతరత్న బిరుదు ప్రకటించింది. బిరుదు ఇచ్చినంత మాత్రాన ప్రభుత్వాన్ని పొగుడుతానని ఎదురుచూడవద్దని, తప్పు కనిపిస్తే చెబుతూనే ఉంటానని ఆయన నెహ్రూగారికి తెలియజేశారనీ, అందుకే ఆ గౌరవం ఇస్తున్నామని నెహ్రూ బదులిచ్చారనీ చెబుతారు.

మైసూరు తలపాగా, మడత నలగని కోటు, చేతికర్రతో వేళ తప్పకుండా నడకకు బయలుదేరే విశ్వేశ్వరయ్యను బెంగుళూరు వాసులు చాలాకాలం చూశారు. నూరేళ్ళు నిండిన తరువాత, 1962 ఏప్రిల్‌లో ఆయన బెంగుళూరులో మరణించారు. అంత్యక్రియలు ముద్దెనహళ్ళిలో జరిగాయి. అక్కడ ఆయన పుట్టిన ఇల్లు నేడు ప్రదర్శనశాలగా ఉంది. సెప్టెంబరు 15వ తేదీని దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు.